పొగ పుస్తకంలో ఆరో గడి

ఏప్రిల్ 11

ఈ పుస్తకంలో ముందు పేజీలు నగరానివి. వెనక పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అవి నావి అనుకుంటున్నాను.

ఇవాళ పొద్దున మాసిన మూటలు రావలసిన బుట్టలో ఒక మనిషి వచ్చాడు. నగరం ఒడ్డు నుంచి మా లంక దాకా గోదావరి మీద తీగ ఉంది. దాని మీద బుట్టలు నడుస్తాయి. ఈ చివర చక్రం తిప్పేది మా ఆయన గవర్రాజు. బుట్ట బరువు చూసి తడి దుప్పట్లేమో అనుకున్నాడట.

"దుప్పట్లు కాదే, ఇన్‌స్పెక్టరు గారు!" అని అక్కడి నుంచే కేకేశాడు.

పేరు ఫణీంద్ర. సున్నా నగరంలో పొగల ఇన్‌స్పెక్టరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, మనిషి మర్యాదస్తుడే. అంతసేపు బుట్టలో ముడుచుకుని కూర్చున్నా చొక్కా నలగలేదు. ఎలా నలుగుతుంది? దానికి గంజి పెట్టింది మా అత్త, ఇస్త్రీ చేసింది నేను. ఆ ముక్క ఆయనకి తెలియదు.

"ఇక్కడ రాయడం వచ్చినవాళ్ళు ఎవరండీ?" అన్నాడు.

నేను చెయ్యెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. ఈ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద 'పొగ పుస్తకం' అని ఉంది. లోపల ఐదు గడులు: తేదీ, గంట, ఏం కాల్చారు, ఎంత కాల్చారు, ఎవరు కాల్చారు. లంకలో ఏ పొయ్యి వెలిగినా, ఏ ఇస్త్రీ పెట్టెలో బొగ్గు రాజుకున్నా ఒక వరస రాయాలట.

"ఎందుకండీ ఇదంతా?"

"ముక్కులు ఊరుకోవట్లేదండి," అన్నాడు.

ముక్కులంటే నగరం ఒడ్డున స్తంభాల మీద పెట్టిన డబ్బాలు. అవి గాలిని వాసన చూస్తూ ఉంటాయి, పొగ తగిలితే ఎర్రబడతాయి. వాటి వెనక తాడిచెట్టంత ఎత్తు బోర్డు ఉంది. నగరం ఎంత పొగ వదులుతోందో చెప్పే బోర్డు. పదేళ్ళుగా దాని మీద ఒకటే అంకె, సున్నా. వచ్చే నెల పదో సున్నా పండగ. దేశం నలుమూలల నుంచి పెద్దలొచ్చి ముక్కుల్ని పరీక్ష చేస్తారట. ఈ ఎండాకాలం పడమటి గాలి మా పొగని మోసుకెళ్ళి సరిగ్గా వాటి మొహాన కొడుతోంది.

"నెల రోజులు చూస్తారండి. తగ్గకపోతే లంక ఖాళీ చేయించి, మిమ్మల్ని సముద్రం వైపు ఉప్పునేలల్లోకి మారుస్తారు. ఇదిగోండి నోటీసు."

మా అత్త అప్పాయమ్మ బట్టలు ఉడికే బాన దగ్గర కూర్చుని అంతా వింటోంది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. "ఉప్పునీళ్ళలో సబ్బు నురగే రాదు బాబూ. అక్కడికెళ్ళి మేం ఏటి ఉతకాలి, ఇసకా?" అంది.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 14

రాస్తున్నాను. పొద్దున ఆరింటికి బాన కింద సరుగుడు కట్టెలు, రెండు మోపులు, కాల్చింది అప్పాయమ్మ. ఏడింటికి ఇస్త్రీ పెట్టెలోకి కొబ్బరి చిప్పల బొగ్గు, ఒక గంప, కాల్చింది నూకరత్నం. తొమ్మిదింటికి మళ్ళీ నూకరత్నం. పేజీ నిండేసరికి ఎవరైనా చూస్తే ఈ నూకరత్నం ఊరికి నిప్పు పెట్టే మనిషి అనుకుంటారు.

మా లంకని తెల్లలంక అంటారు. పదహారు ఇళ్ళు. ఇసక మీద బట్టలు ఆరేస్తే అవతలి ఒడ్డు నుంచి లంకంతా తెల్లగా కనబడుతుంది, అందుకా పేరు. నగరం కాగితాల్లో మాత్రం మేం 'బయటి సేవ'. నగరంలో అగ్గి లేదు. ఎండ నుంచి, నది నుంచి తీసిన కరెంటులో ప్రతి ఇంటికీ రోజుకింత అని వాటా ఉంటుంది. వంటా, ఫ్యానూ, దీపాలూ అన్నీ అందులోనే. మంచి ఏర్పాటే, నేను కాదనను. అయితే ఇస్త్రీ పెట్టె పెడితే ఆ వాటాలో సగం అదే మింగేస్తుంది. అందుకని బట్టలు బయటికిస్తారు. బయటికిచ్చిన పని నగరం పని కాదు, ఆ పని తాలూకు పొగ నగరం పొగ కాదు. రూలు అలా రాసుకున్నారు.

బట్ట నలిగితే మాత్రం ఊరుకోరు. పోయిన వారం ఒక లాల్చీ వెనక్కొచ్చింది, 'మడత సరిగా లేదు' అని చీటీ గుచ్చి.

మూటల మీద పేర్లుండవు, వారం వారం మారిపోయే నంబర్లుంటాయి. ఎవరి బట్టలో బయటికి తెలియకూడదని అలా చేశారట. వాళ్ళ నంబర్లతో మాకు పని జరగదు. ముప్పై మూటలు ఒకే బానలో ఉడికితే నంబరు చీటీ గుజ్జయిపోతుంది. అందుకే మా అత్త మొదటిసారి వచ్చిన ప్రతి బట్టకీ గుర్తు పెడుతుంది. నల్లజీడి గింజని పిన్నీసుతో పొడిచి, ఆ రసంతో కాలరు లోపల, చీరకైతే కొంగు మూల, చుక్కలో గీతలో పెట్టి, పైన సున్నం అద్దుతుంది. ఇంక ఆ బట్ట చిరిగి పీలికలైనా గుర్తు పోదు. ఇంటికో గుర్తు. ఆవిడకి అక్షరం ముక్క రాదు, అంకెలు రావు, కానీ రెండు వేల ఇళ్ళ గుర్తులు నోటికి వచ్చు.

పనిలో ఆవిడకి ఒకటే పట్టు. గుర్తు లేని బట్ట బానలోకి దిగదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒక తువ్వాలు అలాగే వేసేశానని రోజంతా నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 19

కడుపు మండిపోతోంది. పొగ తగ్గించమన్నారా? ఇవాళ తీగ మీద మామూలుగా వచ్చే మూటలకి రెండింతలు వచ్చాయి. సున్నా పండగకి అందరూ తెల్లబట్టలే కట్టుకోవాలట, కాలుష్యం లేదని చూపించడానికి. తెల్లబట్ట అంటే నీలిమందు, గంజి, కరకరలాడే ఇస్త్రీ. అదంతా ఎండకి వచ్చేస్తుందనుకున్నారు కాబోలు.

ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి నా పేరే పదకొండు వరసలు. 'ఎవరు కాల్చారు: నూకరత్నం. ఎవరు కాల్చారు: నూకరత్నం.' పన్నెండోసారి రాయబోతుంటే చెయ్యి ఆగిపోయింది. నేను సరదాకి కాలుస్తున్నానా? నా ఒంటి మీదున్న ఈ నేత చీర ఇస్త్రీ చూసి ఎన్నాళ్ళయిందో!

స్కేలు తీసుకుని పేజీ చివర ఇంకో గీత గీశాను. ఆరో గడి. పైన 'ఎవరి కోసం' అని రాశాను. ఆ పెట్టెతో ఎవరి బట్టలు ఇస్త్రీ చేశానో వాళ్ళ గుర్తులు వేశాను. మొదటి వరసలో మూడు చుక్కలు, కింద అడ్డగీత. తర్వాత ఇంటూ గుర్తు, కింద చుక్క. పాత పేజీలకి కూడా అత్తని అడిగి నింపేశాను.

"ఇప్పుడు నిండుగా ఉందే," అంది అత్త, పుస్తకం తిరగేసి పట్టుకుని. తర్వాత దగ్గింది. పొద్దుటి నుంచి దగ్గుతూనే ఉంది. యాభై ఏళ్ళు బాన ముందు కూర్చున్న మనిషి. మా పొగ అవతలి ఒడ్డు ముక్కులకి తగిలితే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా అత్త ముక్కుకి తగిలితే ఇన్నేళ్ళలో ఒక్కడూ రాలేదు.

ఏప్రిల్ 25

ఫణీంద్ర గారు వచ్చి పుస్తకం పేజీలు యంత్రానికి చూపించుకున్నాడు. పలకలాంటి యంత్రం. అది చదివి తన తెర మీద శుభ్రంగా అచ్చు చేసి చూపించింది. చూస్తే ఐదు గడులే ఉన్నాయి.

"ఆరోది ఏదండీ?"

"ఆరోదా? చివర్లో ఏవో మరకలుంటే తీసేసిందండి. మరకలు తీసేయడం దానికి నేర్పారు."

"మరకలా! అవి మీ పేర్లండి," అన్నాను.

ఆయన పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నాకేవో చుక్కలూ గీతలూ కనిపిస్తున్నాయి. పిల్లలు గీశారనుకున్నాను. ఇవి ఎవరి పేర్లు?"

అప్పుడు తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. పదేళ్ళుగా మెడ వెనక మోస్తున్నారు కదా, ఎవరి గుర్తు వాళ్ళకి తెలుస్తుందనుకున్నాను. నేనే కాదు, లంకంతా అలాగే అనుకుంది. మేం దారిలో ఒక చొక్కా కనబడితే ముందు కాలరే చూస్తాం. వాళ్ళు తొడుక్కునేటప్పుడు కూడా చూడరట.

"ఎవరివో మీరు రాసివ్వచ్చు కదండీ?" అన్నాడు.

"గుర్తులైతే ఇళ్ళవారీగా మాకు తెలుసు. మీ నంబర్ల వల్ల పేర్లు తెలియవు. ఒకటి రెండు తప్ప." ఆ ఒకటి రెండు నేను చెప్పలేదు. ఆయనది ఇంటూ, కింద చుక్క. మొదటి రోజు బుట్ట దిగుతూ వంగినప్పుడే చూశాను.

మే 2

పోయిన వారం నగరానికి అర్జీ పెట్టుకున్నాం. మాకు పొగంటే మోజేమీ లేదు. తీగ స్తంభాల మీదుగానే ఒక కరెంటు తీగ లాగండి, మీ బట్టలకి సరిపడా కరెంటు మా లంకకివ్వండి, ఇస్త్రీ పెట్టెల్లో బొగ్గు ఆ రోజే మానేస్తాం అని రాశాను. బానకి ఎండ అద్దాలు పెట్టినా సర్దుకుంటామన్నాను.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. దానికి మాత్రం ఆలస్యం ఉండదు. 'తెల్లలంక నగర పరిధిలో లేనందున వాటాకు అర్హత లేదు.'

గవర్రాజు ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "పరిధిలో లేమా? మరి ఖాళీ చెయ్యమని నోటీసెలా ఇచ్చారే?"

నేనూ అదే అడుగుతున్నాను. మా పొగ వాళ్ళ గాల్లోకి వెళ్తే మేం నగరానికి చెడు చేసినవాళ్ళం. వాళ్ళ కరెంటు మా దాకా రమ్మంటే మేం బయటివాళ్ళం. వాళ్ళ మురికి ఒక్కటే ఏ పరిధీ అడగకుండా రోజూ తీగ మీద వచ్చేస్తోంది. గీత ఎక్కడ గీయాలో వాళ్ళిష్టం, గీతకి ఏ పక్క ఉండాలో కూడా వాళ్ళిష్టమేనా? సిగ్గనిపించదా వీళ్ళకి?

ఖాళీ నోటీసు మీద విచారణ తొమ్మిదో తారీఖున, పండగ ముందు రోజు. లంక తరఫున ఒకరు మూడు నిమిషాలు మాట్లాడవచ్చట. రాయడం వచ్చు కాబట్టి ఆ ఒకరు నేనే అయ్యాను.

మే 9

బుట్టలో కూర్చుని గోదావరి దాటాను. పదేళ్ళుగా బట్టలు దాటాయి, నేను దాటడం ఇదే మొదటిసారి. అక్కడ నీడ, చెట్లు, చప్పుడు లేని బళ్ళు. బాగుంది. అంత బాగున్నందుకే ఇంకా ఒళ్ళు మండింది.

హాలు నిండా తెల్లబట్టలు. ఒక్కొక్కటీ నాకు తెలుసు. ఏ మోచేతి దగ్గర పసుపు మరక ఎంత కష్టపడి తీశామో కూడా తెలుసు. ముందు వరసలో పరీక్ష చేయడానికి వచ్చిన ముగ్గురు పెద్దలు, మధ్యలో ఉత్తరాది పెద్దావిడ చెవిలో తర్జుమా యంత్రం పెట్టుకుని ఉంది. వేదిక మీద కమిషనరు విశాలాక్షి గారు, గంజి పెట్టిన పట్టు అంచు తెల్ల నేత చీరలో.

"నూకరత్నం గారూ, నెల రోజుల్లో మీ లంకలో ఆరు వందల నలభై సార్లు నిప్పు పెట్టారు. ఇది మీరు రాసిందే. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానండి. రాసిందే నేను కదా."

"మరి చెప్పుకునేదేమైనా ఉందా?"

"ఆరో గడి చదువుతానండి."

"ఉన్నవి ఐదే కదా?"

"మీ యంత్రం ఒకటి ఉతికేసిందండి." నా పుస్తకం తెరిచాను. వరస కింద వేలు పెట్టి చదివాను. "ఏప్రిల్ పంతొమ్మిది, పొద్దున్న ఏడు, కొబ్బరి చిప్పల బొగ్గు, ఒక గంప, కాల్చింది నూకరత్నం. ఎవరి కోసం: మూడు చుక్కలు, కింద అడ్డగీత. ఏప్రిల్ ఇరవై రెండు, మళ్ళీ మూడు చుక్కలు, అడ్డగీత. మే ఒకటి, మూడు చుక్కలు, అడ్డగీత. మే ఏడు, పట్టు అంచు నేత చీర, గంజి రెండుసార్లు పెట్టమని చీటీ..."

"ఆగండి. ఈ మూడు చుక్కలు ఎవరు?"

"మీరేనండి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కమిషనరు గారు మాత్రం నవ్వలేదు. "నన్ను ఎవరూ మూడు చుక్కలని పిలవరమ్మా."

"మేం పదేళ్ళుగా అలాగే పిలుస్తున్నామండి. కొంగు చివర, లోపలి మూల చూసుకోండి."

ఆవిడ చూసుకోలేదు. కొంగు చేత్తో పట్టుకుంది, అంతే. అప్పుడు గోడ పక్క నించున్న ఫణీంద్ర గారు పై గుండీ విప్పాడు.

"ఇంటూ, కింద చుక్క," అన్నాను, ఆయన కాలరు తిప్పకముందే.

తిప్పి, పక్కనున్నాయనకి చూపించాడు. ఆ పక్కనున్నాయన ఒకసారి చూసి, తన కాలరు మీద చెయ్యేశాడు. తర్వాత వరస వరసంతా మెడలు తడుముకోవడం మొదలైంది. భార్యల కాలర్లు భర్తలు, భర్తలవి భార్యలు తిప్పి చూస్తున్నారు. ఉత్తరాది పెద్దావిడ బట్టల మీద మా గుర్తు ఉండదు, ఆవిడ నిన్ననే వచ్చింది. కాసేపు అందర్నీ చూసి, తన ముందున్న బల్ల గుడ్డ అంచు ఎత్తింది. అక్కడుంది, నిలువు గీతా రెండు చుక్కలూ. మీటింగు హాలు గుర్తు అది.

"అయ్యా, అమ్మా," అన్నాను. "పొగ నేను పెట్టానని రాయమన్నారు, రాశాను. ఆ పొగతో వచ్చిన మడతలు మీ ఒంటి మీదున్నాయి. మీ కరెంటులో మీ బట్టల వాటా మాకివ్వండి, రేపే బొగ్గు గోదాట్లో పోస్తాం. ఇవ్వరా, నలిగిన బట్టలు కట్టుకుని పండగ చేసుకోండి, మేం పొయ్యి వెలిగించం. రెండూ కుదరవంటే ఎలాగండీ? తెల్లబట్ట మీకూ, మసి మాకూనా? మా అత్త దగ్గు ఏ ముక్కుకీ ఎందుకు వినబడదండీ?"

ముక్కుకి వినబడ్డమేమిటని తర్వాత అనిపించింది. అప్పటికి నోట్లోంచి వచ్చేసింది.

తీర్పు వాయిదా వేశారు. తిరిగి వస్తే తీగ దగ్గరే గవర్రాజు పళ్ళికిలించాడు. "కమిషనరు గారికి చాకిరేవు పెట్టేశావంట కదే!"

"మన పనే అది కదా," అంది అత్త.

మే 13

రాయడానికి చెయ్యి రావడం లేదు, అంత కోపంగా ఉంది.

పండగ అయ్యాక మొదటి మూటలు ఇవాళ వచ్చాయి. రెండు వందల ఎనభై. విప్పితే చొక్కాల కాలర్ల లోపల కన్నాలు. చీరల కొంగు మూలలు లేవు. దుప్పట్ల అంచులు లేవు. గుర్తున్నంత మేరా కత్తెరతో కత్తిరించేశారు, నీటుగా, చతురస్రంగా. బంగారంలాంటి నేత బట్టలు! బట్ట పాడైనా ఫరవాలేదు కానీ పొగ తమదని తెలియకూడదు. పైన ఒక చీటీ: 'ఇకపై బట్టలపై ఎటువంటి గుర్తులూ వేయరాదు.'

అత్త ఒక చొక్కా తీసుకుని ఆ కన్నంలోంచి వేలు పెట్టి అటూ ఇటూ ఆడించింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఒక్కో ఇంటికీ ఒక్కో గుర్తు ఆలోచించి పెట్టిన మనిషి. ఏడవలేదు.

"గుర్తు లేని బట్ట బానలోకి దిగదు," అంది. "కట్టేయండర్రా."

కట్టేశాం. పదహారు ఇళ్ళవాళ్ళం కలిసి రెండు వందల డెబ్బై తొమ్మిది మూటలూ మాసినవి మాసినట్టే బుట్టల్లో వేసి, గవర్రాజు చక్రం వెనక్కి తిప్పాడు. ఒక్క మూట ఆపాం. అందులో చొక్కాలకి కాలర్లు బాగానే ఉన్నాయి. ఇంటూ, కింద చుక్క.

ఇవాళ పొగ పుస్తకంలో బట్టల కింద ఒకటే వరస. కొబ్బరి చిప్పల బొగ్గు, రెండు గుప్పెళ్ళు.

మే 18

అయిదు రోజులు లంకలో బానల కింద పొయ్యి వెలగలేదు. ముక్కులన్నీ పచ్చగా ఉన్నాయి. అవతలి ఒడ్డున మనుషులు మాత్రం నలిగిపోయి తిరుగుతున్నారని గవర్రాజు చెప్పాడు. పరీక్ష పెద్దలు ఇంకా వెళ్ళలేదట, ఉత్తరాది పెద్దావిడ రోజూ ఒడ్డుకొచ్చి మా లంక వైపు చూస్తోందట. మాకూ తేలిక కాలేదు. పని లేక పదహారు ఇళ్ళూ గంజి నీళ్ళ మీద గడిపాం. ఆ గంజి చొక్కాలకి పెట్టాల్సింది.

ఇవాళ ఫణీంద్ర గారు బుట్టలో వచ్చాడు. ఆయన ఒళ్ళో ఉత్తర్వు ఉంది. నేను పైకి చదివాను. లంక ఖాళీ చేయించే నోటీసు రద్దు. తెల్లలంక పొగని ఇకపై నగరం పొగగానే లెక్కించాలని పరీక్ష పెద్దల తీర్మానం. గుర్తులు పెట్టుకోవడానికి నగరానికి అభ్యంతరం లేదు. కరెంటు తీగ సంగతి 'పరిశీలనలో ఉంది'.

"పరిశీలన అంటే ఎన్నాళ్ళండీ?" అన్నాను.

"మీ పొగ ఇప్పుడు మా పొగ అయింది కదండీ. తగ్గించుకోవాలంటే తీగ లాగక తప్పదు," అన్నాడు. ఆ మాట నమ్మాలో వద్దో తెలియలేదు. నెల రోజులు చూస్తాం. ఈసారి చూసేది మేం.

వెనక బుట్టల్లో మూటలు దిగుతున్నాయి. కొందరు కన్నాలకి అతుకులు వేసుకున్నారు. అత్త పిన్నీసు తీసి, జీడిగింజ చేత్తో పట్టుకుని, అలవాటుగా అవతలి ఒడ్డు వైపు చూసి ఆగిపోయింది.

"ఒసేయ్ రత్నం. ఆ బోర్డు మీద గుండ్రం పక్కన ఏటే అది?"

చూశాను. పదేళ్ళుగా ఒంటిగా ఉన్న సున్నా పక్కన ఒక చుక్క పడింది. చుక్క పక్కన నాలుగు అంకె.

"సున్నా పాయింటు నాలుగు అత్తా. పుస్తకంలో రాసిన మన పొగ కలిపారు."

ఆవిడకి పాయింటు సంగతి తెలియదు. కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"చుక్క, పక్కన గీతలూ," అంది. "మొత్తానికి ఊరిక్కూడా గుర్తు పడిందే. పొయ్యి ఎలిగించు. ఇంక బానలోకి దిగొచ్చు."

వెలిగించాను. పొద్దున తొమ్మిది, సరుగుడు కట్టెలు, ఒక మోపు, కాల్చింది నూకరత్నం. ఆరో గడిలో బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు వేశాను: గుండ్రం, చుక్క, నాలుగు.